మఖలో సంపూర్ణ గ్రహణం

విభవ సంవత్సరం, ఆషాఢ బహుళ విదియ

ఈ పుస్తకంలో నేను విన్న వింతలూ, చూసిన విశేషాలూ మాత్రమే రాస్తాను. ఇంటి సంగతులు రాయను. అవి రాయడం మొదలుపెడితే వశిష్ఠ, వైనతేయ, గోదావరి పాయలు రెండూ సిరా చేసుకున్నా చాలవు.

పట్టాభిరామయ్య అమలాపురం కచేరీ నుంచి వస్తూనే మా అరుగెక్కాడు. వీడు వరసకు నాకు కొడుకవుతాడు. నా దగ్గర సిద్ధాంతం చదివి, గ్రహణ గణితం దాకా వచ్చి, తీరా ఇంగ్లీషు నేర్చుకుని కచేరీలో గుమాస్తాగా చేరాడు. ఇప్పుడు మద్రాసులో అచ్చయిన పంచాంగం ఒకటి సంచిలో పెట్టుకుని తిరుగుతాడు. గురువు ఇంట్లో ఉండగా అచ్చు పుస్తకం! అయినా వాడు వస్తే నాకు బాగుంటుంది. కచేరీకి వచ్చే పత్రికలన్నీ చదివి, లోకంలో ఏ మూల ఏం జరిగిందో చెబుతాడు.

ఇవాళ చెప్పింది ఇది. ఆఫ్రికాలో హబషీ దేశం మీదికి యుద్ధానికి వెళుతూ దొరలు బొంబాయిలో ఏనుగుల్ని ఓడ ఎక్కించారట. ఏనుగుకి సముద్రం పడుతుందా, వాంతులవుతాయా అని అడిగాను. ఆ సంగతి పత్రికలో లేదన్నాడు. అసలు రాయవలసింది అదే. యుద్ధంలో ఎవరు గెలిచారో ఎవరికి కావాలి?

మా చిన్నమ్మాయి రాజ్యాన్ని పురిటికి తీసుకొచ్చాం. ఇది వింత కాదు గనక ఇంతటితో ఆపుతాను.

ఆషాఢ బహుళ నవమి

సముద్రం అడుగున తంతి వేశారట. దొరల సీమ నుంచి అమెరికా ఖండానికి. ఒడ్డున ఒకడు మీట నొక్కితే ఆవలి ఒడ్డున ఇంకొకడికి అర్థమవుతుందట. రేవు దగ్గర పడవ బంగారయ్యకి ఈ మాట చెప్పాను.

"నీళ్లలోంచి వెళ్తే మాట తడిసిపోదాండీ?" అన్నాడు.

నవ్వాను గాని, సమాధానం నాకూ సరిగా తెలియదు. పట్టాభిరామయ్యని అడిగితే వాడికీ తెలియదు. తెలియకపోయినా గంటసేపు చెప్పాడు. ఇంగ్లీషు చదువు వల్ల వచ్చే లాభం ఇదే.

తెలియని వాటిని చూసి హడలిపోవడం నా స్వభావం కాదు. గన్నవరం దగ్గర ఏటి మీద కాలువ కట్టినప్పుడు, ఏరు మీద ఏరు నిలుస్తుందా, ఏడాదిలో కూలిపోతుందని అగ్రహారమంతా అన్నారు. నేనొక్కణ్ణే నిలుస్తుందన్నాను. నిలిచింది. ఆ నీళ్లతో పండిన బియ్యమే ఇప్పుడు వాళ్లందరూ తింటున్నారు.

శ్రావణ శుద్ధ పంచమి

గణితం పూర్తయింది. ఈ అమావాస్యకి సూర్యగ్రహణం. మఖా నక్షత్రం, మంగళవారం. మనకి సంపూర్ణం. పొద్దు పొడిచిన ఐదు గడియలకి పట్టు, పన్నెండున్నర గడియలకి విడుపు. నడిమధ్యన కాసేపు రాత్రి అయిపోతుంది. మా తాతగారి హయాంలో కూడా ఇలాంటిది పడలేదు.

పట్టాభిరామయ్య తన అచ్చు పంచాంగం తెచ్చి పక్కన పెట్టి చూశాడు. విడుపు దగ్గర రెండు లెక్కలూ కలిశాయి. వాడు సంతోషించాడు. నాకు ఒళ్లు మండింది. నా లెక్క సరైనదని అచ్చు పుస్తకం సాక్ష్యం చెప్పాలా?

ఈ గ్రహణం చూడ్డానికి దొరలు సీమ నుంచి దుర్భిణులు మోసుకుంటూ గుంటూరుకీ బందరుకీ వస్తున్నారట. మనవాళ్లు గ్రహణం కంట పడకుండా తలుపులు వేసుకుంటారు. వాళ్లు దాన్ని చూడ్డానికి సముద్రాలు దాటుతారు. ఎవరు వెర్రివాళ్లో నేను చెప్పను.

రాహువు మింగడం కథ. సూర్యుడికి చంద్రుడు అడ్డం రావడం శాస్త్రం. ఇది మా సిద్ధాంతాల్లోనే ఉంది, దొరలు చెప్పనక్కర్లేదు. అయితే శాస్త్రం వేరు, ఆచారం వేరు. రెండూ నేనే చెబుతాను. దేనికది వేరుగా చెబుతాను.

శ్రావణ పూర్ణిమ

జంధ్యాలు మార్చుకున్నాక అందరూ ఉండగా గ్రహణ నియమాలు చెప్పాను. మనవాళ్లూ, రేవు వాళ్లూ అందరూ వచ్చారు. గట్టిగానే చెప్పాను. పట్టు శంఖం విన్నాక ఎవరూ తినకూడదు, కత్తి ముట్టకూడదు, ఏ పనికీ చెయ్యి పెట్టకూడదు. కడుపుతో ఉన్నవాళ్లు చీకటి గదిలో కదలకుండా పడుకోవాలి. విడుపు శంఖం ఊదేదాకా ఇదే. ఊళ్లో అందరికీ ఆ శంఖమే గడియారం. మా నాన్నగారి రోజుల నుంచీ అంతే.

భోజనాల దగ్గర అచ్చయమ్మ అడిగింది. "ఏమండీ, రాజ్యానికి నొప్పులు ఆ రోజే వస్తే?"

రావని చెప్పాను. ఎలా తెలుసని అడిగింది. భార్య సిద్ధాంతి కాకూడదు గాని, ఇలాంటి ప్రశ్నలు వేయడంలో మాత్రం సిద్ధాంతుల్ని మించిపోతుంది.

పెద్దమ్మాయి పురిట్లోనే పోయింది. అందుకని ఆవిడకి భయం. నాకు లేదు.

శ్రావణ బహుళ అష్టమి

మంత్రసాని మాణిక్యం వచ్చి చూసింది. ఇంకా పది రోజులు పైనే పడుతుందంది. నాకేం భయం లేదు.

శ్రావణ బహుళ చతుర్దశి, సోమవారం

మబ్బు. పొద్దుటి నుంచీ ఒకటే మబ్బు. గుంటూరులో దొరల సంగతేమిటో గాని, నాకు సూర్యుడితో పని లేదు. గడియ గిన్నె తోమి, అడుగున చిల్లు పూడిందేమో చూసి, తొట్టిలో నీళ్లు వడకట్టి పోశాను. గిన్నె మునిగినప్పుడల్లా ఒక గడియ, దొరల లెక్కలో ఇరవైనాలుగు నిమిషాలు. మబ్బుకి అది తెలియదు.

రాజ్యానికి రేపటి నియమాలు చెప్పాను. అది నవ్వి అడిగింది.

"నాన్నగారూ, రాహువు లేడని మీరే అంటారు కదా? మరి నేను ఇటు తిరిగి పడుకుంటే ఏవవుతుందిట?"

"ఏమీ కాదు. అయినా తిరగకూడదు," అన్నాను.

"ఆయ్," అంది, కాలవ మీద పడవవాళ్లు అన్నట్టు, నన్ను ఏడిపించడానికి. దీనికి నా పోలిక వచ్చింది.

అచ్చయమ్మ, పురుడు సుఖంగా జరిగితే మురమళ్లలో వీరేశ్వరస్వామికి కల్యాణం చేయిస్తానని మొక్కుకుంది.

శ్రావణ అమావాస్య, మంగళవారం

గ్రహణం సంపూర్ణం. ఆకాశం మబ్బు. విడుపు దగ్గర లెక్క తప్పింది. ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం.

భాద్రపద శుద్ధ పాడ్యమి

నిన్న రాసింది అబద్ధం. ఊరికి చెప్పాను, సరే. ఎవరూ చదవని నా పుస్తకానికి కూడా చెప్పడం ఏమిటి? మొదటి నుంచీ రాస్తాను.

తెల్లవారుతూనే రాజ్యానికి నొప్పులు మొదలయ్యాయి. మాణిక్యం లెక్క తప్పింది, ఆ మాట ఎవరూ అనరు. కబురు పెట్టగానే పరుగెత్తుకొచ్చి గదిలోకి వెళ్లింది. నేను తొట్టి దగ్గర కూర్చున్నాను. ఐదో గిన్నె మునిగింది. పట్టు శంఖం ఊదాను. ఊరు చప్పున సద్దుమణిగింది.

కాసేపటికి మాణిక్యం గదిలోంచి బయటికి వచ్చి, పెరటి వసారాలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దాని వెనకే అచ్చయమ్మ.

"ఏమండీ, బిడ్డ అడ్డం తిరిగిందిట. ఇది చెయ్యి పెట్టనంటోంది!"

నేను వెళ్లి గద్దించాను. "ఏమిటే మాణిక్యం, ఇదేం పని?"

"శంఖం ఇన్నానండి. గ్రహణం పట్టేసింది కదండీ. ఇడిచేదాకా నేను ముట్టకూడదండి. ముడితే బిడ్డకి అవకరం వచ్చేస్తదండి."

"ఎవరు చెప్పారు?"

"తమరేనండి."

"అది కడుపుతో ఉన్నవాళ్లకి చెప్పింది."

"ఎవ్వరూ దేనికీ చెయ్యి పెట్టొద్దన్నారండి. ఎవ్వరూ అంటే నేనూ ఉన్నానండి అందులో."

నేను దానికి శాస్త్రం చెప్పాను. చంద్రుడు అడ్డం వస్తాడనీ, నీడ పడుతుందనీ, అంతకు మించి ఏమీ లేదనీ, వసారాలో నిలబడి చేతులతో చంద్రుణ్ణీ సూర్యుణ్ణీ చూపించి చెప్పాను. లోపల రాజ్యం కేక పెడుతోంది. మాణిక్యం చేతులు కట్టుకుని చివరిదాకా శ్రద్ధగా విన్నది.

"ఆయ్. తమరు చెప్పేరంటే నిజమేనండి," అంది. "ఇడవగానే చెయ్యి పెడతానండి."

దాని మీద కోపం రాలేదు. అది కూడా ఏడుస్తూనే ఉంది. నేను నలభై ఏళ్లు చెప్పిన మాట దాని ఒంట్లో ఎముకలా ఉంది. ఒక్క పూటలో తీసేయమంటే ఎలా తీస్తుంది?

అచ్చయమ్మకి చెయ్యి పెట్టడం తెలియదు. ఇంకో మంత్రసాని కోసం మనిషిని పంపుదామంటే, శంఖం విన్నవాడెవడూ గడప దాటడు. దాటినా, వచ్చేది మాణిక్యం లాంటిదే.

అప్పుడు చీకటి పడింది. మబ్బు వెనక ఏదో మూత పెట్టినట్టు పడింది. కొబ్బరిచెట్ల మీదికి కాకులు గోలగా చేరి, వెంటనే నోరు మూసుకున్నాయి. నేను లెక్క వేసిన చోటే, వేసిన క్షణానే పడింది. నాకు సంతోషం కలిగింది. రాయడానికి సిగ్గుగా ఉంది గాని, కలిగింది. కూతురు లోపల చావుబతుకుల్లో ఉండగా నేను చీకట్లో నిలబడి, తప్పలేదు, తప్పలేదు అనుకున్నాను.

మళ్లీ వెలుగు మెల్లగా వచ్చేసరికి లోపలి నుంచి కేకలు లేవు. అచ్చయమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏడవడం లేదు.

"పెద్దదీ ఇలాగే కేకలు మానేసిందండీ," అంది.

విడుపుకి ఇంకా మూడు గడియల పైనే ఉంది. మబ్బు దట్టంగా ఉంది. సూర్యుడు ఎక్కడున్నాడో కూడా తెలియదు. ఊళ్లో ఎవరికైనా తెలిసేది నా శంఖంతోనే.

శంఖం తీసి ఊదాను. అంత గట్టిగా ఎప్పుడూ ఊదలేదు. వీధి చివరిదాకా నడిచి ఊదాను. మాణిక్యానికి నమ్మకం కుదరాలని కాలవలో దిగి మూడు మునకలు వేసి, తడిబట్టలతో దాని ముందుకి వచ్చి నిలబడ్డాను. అది ఆకాశం వంక చూసింది. నా వంక చూసింది.

"ఇడిచిందాండీ?"

"విడిచింది. వెళ్లు."

ఇంక మాట లేదు. చేతులు కడుక్కుని లోపలికి పరుగెత్తింది.

ఊరంతా లేచింది. కాలవ గట్టు నిండా స్నానాలు. ఇళ్ల మీద పొగలు. పట్టాభిరామయ్య మొలలోంచి గడియారం లాగుతూ వచ్చాడు.

"బాబయ్యగారూ, ఇంకా గంట పైన ఉందండీ! మీ లెక్కా అంతే కదా? మొన్న మనిద్దరం కూర్చుని చూసేం కదండీ!"

నలుగురూ మా వంక చూశారు. నేను వాడి మీద విరుచుకుపడ్డాను. నీ గడియారం తప్పన్నాను. నీ అచ్చు పుస్తకం తప్పన్నాను. నా దగ్గర చదువుకుని నాకే చెబుతావా అన్నాను. అబద్ధం ఆడేటప్పుడు గొంతు ఇంత బాగా వస్తుందని నాకు తెలియదు. పడవ బంగారయ్య నా పక్షం వచ్చాడు.

"సిద్ధాంతిగారు ఊదేక ఇంకేటండీ బాబూ, పిల్లలు నకనకలాడిపోతన్నారు!"

అందరూ అన్నాలకి వెళ్లారు. పట్టాభిరామయ్య మాత్రం అక్కడే నిలబడ్డాడు. అప్పుడు లోపలి నుంచి పిల్ల ఏడుపు వినిపించింది. నేను అరుగు మీద కూర్చుండిపోయాను. కాసేపటికి అచ్చయమ్మ వచ్చి, ఆడపిల్ల అనీ, రాజ్యం కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగిందనీ చెప్పింది.

కథ ఇక్కడ ఆగితే నేను మొనగాణ్ణే. కాని గాలి తిరిగింది. మబ్బు చీలింది. సూర్యుడు బయటపడ్డాడు, ఒక పక్కన కొరికిన అప్పచ్చిలా.

వీధిలో ఎవరో ఒకరు పైకి చూశారు. తరువాత అందరూ చూశారు. బంగారయ్య చేతిలో అన్నం ముద్ద అలాగే ఉంది.

"ఇదేటండీ... ఇంకా పట్టే ఉందేటండీ?"

గుమ్మం పక్కన మాణిక్యం నిలబడి ఉంది. చేతులకి ఇంకా నెత్తురు. ఆ చేతుల వంక చూసుకుంటోంది. 

తెలిసే ఊదానని చెబితే నిజం నిజమే. కాని తెలిసి చేయించిన దోషం దాని చేతులకి చుట్టుకుంటుంది. ఆ చేతులు మళ్లీ ఏ గుమ్మమూ తొక్కవు. పిల్లని ఊరంతా వేరే కన్నుతో చూస్తుంది. పొరపాటని చెబితే అందరూ తెలియక చేసినవాళ్లు. దోషం ఒక్కడికే.

"లెక్క తప్పింది," అన్నాను. "మబ్బులో నా లెక్క తప్పింది. మీరెవరూ తెలిసి చేసింది కాదు, మాణిక్యమూ తెలిసి చేసింది కాదు. దోషం నాది, ప్రాయశ్చిత్తం నేను చేసుకుంటాను. విడిచాక మళ్లీ స్నానాలు చేసి, మళ్లీ వండుకోండి."

నలభై ఏళ్లలో ఆ రెండు మాటలూ నా నోటి నుంచి రాలేదు. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

పట్టాభిరామయ్య తొట్టిలో తేలుతున్న గిన్నె చూశాడు. పక్కన గడియకొకటి చొప్పున నేను పెట్టుకున్న లెక్క గింజలు చూశాడు. వాడికి లెక్క వచ్చు, నేనే నేర్పాను. పురిటి గది వైపు చూశాడు. గడియారం మొలలో దోపుకున్నాడు.

"పెద్దవారండీ," అన్నాడు జనంతో. "అంత మబ్బులో ఎవరికైనా పొరపాటు వస్తుందండీ."

నన్ను నా శిష్యుడు వెనకేసుకొచ్చాడు! చచ్చేదాకా ఇది మరిచిపోను.

అసలు విడుపు నా లెక్క ప్రకారం సరిగ్గా పన్నెండున్నర గడియలకే అయింది. కళ్లారా చూశాను. ఇక్కడైనా రాసి పెట్టుకుంటాను. తప్పలేదు.

భాద్రపద శుద్ధ తదియ

ముహూర్తం కోసం అంబాజీపేట నుంచి ఎవరో వచ్చారు. వీధి మొదట్లో ఎవరితోనో మాట్లాడి, మా అరుగు దాటి పట్టాభిరామయ్య ఇంటికి వెళ్లారు. వెళ్లనీ. వాడికి ముహూర్త భాగం నేనే చెప్పాను. నా చదువే కదా.

అచ్చయమ్మ తలుపు చాటు నుంచి చూసింది. మధ్యాహ్నం అన్నంలో నెయ్యి ఒక చుక్క ఎక్కువ వడ్డించింది.

భాద్రపద శుద్ధ చవితి

వినాయక చవితి. చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు వస్తాయట. ఈ ఏడాది నాకు కొత్తగా రావలసినవేమీ లేవు గనక తీరిగ్గా చూశాను.

భాద్రపద శుద్ధ నవమి

పట్టాభిరామయ్య ఇవాళ మళ్లీ అరుగెక్కాడు. అమావాస్య మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పత్రిక సంగతులు చెప్పాడు. దొరలు చీకటి పడ్డప్పుడు సూర్యుడి అంచున ఎర్రటి మంటలు చూశారట. ఆ వెలుగుని మూడు పలకల గాజు గుండా పంపి, రంగులుగా విడదీసి, మండేది ఏ వస్తువో పోల్చుకుంటారట. ఇక్కడ కూర్చుని సూర్యుడిలో ఏముందో చెప్పడం! వాళ్లని ఒప్పుకోవలసిందే.

అంతకంటే పెద్ద వింత నా దగ్గర ఉంది, వాడికి చెప్పలేదు. గ్రహణం పట్టి ఉండగా ఒక ఊరు ఊరంతా వండింది, సగంమంది తిన్నారు. తొమ్మిది రోజులైంది. ఎవరికీ తలనొప్పి కూడా రాలేదు. బంగారయ్య రెండో ముద్ద కూడా తిన్నాడని విన్నాను, మొన్న ఎదురీతలో పడవ లాగుతున్నాడు. ఏ దొరా ఇలాంటి పరీక్ష చేసి ఉండడు. చెప్పాలని నోరు దురదపెడుతోంది. నొక్కుకుంటున్నాను.

మాణిక్యం రోజూ వచ్చి పిల్లకి నీళ్లు పోస్తోంది. మొదట్లో కాళ్లూ చేతులూ వెతికి వెతికి చూసేది. ఇవాళ చూడలేదు.

భాద్రపద శుద్ధ ఏకాదశి

బారసాల. వియ్యాలవారు రాజోలు వైపు నుంచి పడవలో వచ్చారు. వాళ్లకి గ్రహణం నాటి గొడవ పూర్తిగా తెలియదు. వియ్యంకుడు కాళ్లు కడుక్కోగానే అడిగాడు. "జాతకం రాసేరా బావగారూ? తమ చేత్తో రాస్తే ఇంకేం కావాలండీ."

లోపలికి వచ్చి కాగితం తీసుకుంటుంటే అచ్చయమ్మ నా ఎదురుగా కూర్చుంది.

"ఏమండీ, విడిచేక పుట్టిందని రాయండి. రెండు గడియలు ఇటు జరిపితే ఎవరికి నష్టం? ఆడపిల్ల. గ్రహణంలో పుట్టిందంటే రేపు ఎవరు గడప తొక్కుతారు?"

పట్టాభిరామయ్య అక్కడే ఉన్నాడు. "పిన్నిగారు చెప్పింది సబబేనండీ, బాబయ్యగారూ," అని మెల్లగా అన్నాడు. "నేను ఎవరితోనూ అననండీ."

ఇద్దరూ నా మేలు కోరేవాళ్లే. కలం ముంచాను. నిజం చెబుతున్నాను, చెయ్యి ఆడలేదు. శంఖం దగ్గర ఆడింది, ఇక్కడ ఆడలేదు.

మంచం మీద నుంచి రాజ్యం పిలిచింది. ఇంకా నీరసంగానే ఉంది. పిల్ల దాని పక్కన పడుకుని ఉంది.

"నాన్నగారూ, ఆ రోజు శంఖం విన్నానండీ. చీకటి పడి ఎంతోసేపు కాలేదు. నాకు తెలుసు."

నేను కలం కింద పెట్టాను.

"మీరు ఊదకపోతే ఇది లేదు, నేనూ లేను. దీని జాతకంలో ఆ సంగతి దాచకండి. ఉన్నదున్నట్టు రాయండి."

అచ్చయమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను రాశాను. ఒక్కసారి కూడా కలం ఆగలేదు.

పిల్ల బతకడానికి ఒక అబద్ధం కావలసి వచ్చింది. ఆడాను. మళ్లీ కావలసివస్తే మళ్లీ ఆడతాను. బతికిన పిల్లకి అబద్ధం అవసరం లేదు.

వియ్యంకుడు కాగితం అందుకుని పైకి చదివాడు. విభవ శ్రావణ అమావాస్య, మంగళవారం, మఖా నక్షత్రం, సూర్యుడు గ్రహణగ్రస్తుడై ఉండగా స్త్రీ శిశు జననం. అక్కడ చదవడం ఆపేశాడు. వీధిలో నిలబడ్డవాళ్లు కూడా విన్నారు.

"ఇలా రాసేరేవిటి బావగారూ?" అన్నాడు. "రేపు దీన్ని ఎవరు చేసుకుంటారండీ?"

"భయపడనివాడు," అన్నాను.